ముహందిస్ అంటే అందాజా తెలిసినవాడు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చి కౌన్సెలింగ్ మొదలయ్యే రోజుల్లో మన ఇళ్లలో ఒకటే సవాల్. "బేటాకి ఏ బ్రాంచ్ తీసుకోవాలి?" జవాబు కూడా ఒకటే. కంప్యూటర్స్. అందులో సీటు దొరక్కపోతేనే మిగతావాటి మాట. మెకానికల్ అనగానే కొందరు అబ్బాలు మొహం చిట్లిస్తారు. "ఇన్నేళ్లు నేను గ్రీజు పూసుకున్నది చాలదా? నువ్వు కూడానా?" అంటారు. న్యూక్లియర్ ఇంజనీరింగ్ అని ఇంకో చదువు ఉందంటే అది మనలాంటి వాళ్లది కాదని అక్కడే మాట ఆపేస్తారు.

ఆ మాటలో కోపం కన్నా బాధ ఎక్కువ. ఏ ఊరి ఆటోనగర్‌కైనా వెళ్లి చూడండి. లారీ ఇంజన్ విప్పుతున్నవాళ్లు, లేత్ మీద షాఫ్ట్ తిప్పుతున్నవాళ్లు, వెల్డింగ్ పెడుతున్నవాళ్లు, బోరు మోటార్లకు వైండింగ్ చుడుతున్నవాళ్లు, వాళ్లలో మనవాళ్లు ఎంతమంది! చెవి పెట్టి వింటే చాలు, ఏ బేరింగ్ పోయిందో చెప్పేస్తారు. చేతిలో హునర్ ఉంది. ఆ హునర్‌కి సంబంధించిన కితాబ్ మాత్రం ఇంట్లో లేదు. హునర్ ఒకచోట, ఇల్మ్ ఇంకోచోట ఉండిపోయాయి. ఈ రెండూ ఎప్పుడు కలిశాయి, ఎప్పుడు విడిపోయాయి, మళ్లీ ఎలా కలుస్తాయి అన్నదే ఇంజనీరింగ్ చదువు అసలు తారీఖ్. అది తెలిస్తే బ్రాంచ్ సవాల్‌కి జవాబు కొంచెం మారుతుందేమో చూద్దాం.

మాట ఎక్కడిది?

అరబీలో ఇంజనీర్‌ని ముహందిస్ అంటారు. ఉర్దూలో కూడా ఆ మాట ఉంది. ఇరాన్‌లో ఇంజనీర్ పేరుకి ముందు ఇప్పటికీ మొహందెస్ అని చేర్చి పిలుస్తారు. దీని వేరు హందసా. హందసా అంటే కొలతల శాస్త్రం, జామెట్రీ. ఈ హందసా అరబీలో పుట్టిన మాట కాదు. ఫార్సీ అందాజా నుంచి వచ్చింది. నేల కింద నీళ్ల కాలువ తవ్వేటప్పుడు వాలు ఎంత ఉండాలి, ఎక్కడ తవ్వితే నీళ్లు ఎక్కడ బయటపడతాయి అని కొలిచి చెప్పేవాడిని పాత అరబీ నిఘంటువులు ముహందిస్ అన్నాయి.

ఆ అందాజానే మన తెలుగులో అందాజు అయింది. "అందాజుగా ఎంతవుతుంది?" అని మేస్త్రీని అడగని తెలుగువాడు ఉండడు. మన వాడుకలో అందాజు అంటే ఉజ్జాయింపు. ముహందిస్ అందాజా మాత్రం ఉజ్జాయింపు కాదు, లెక్క కట్టిన కొలత.

కొలతకి దీన్‌లోనూ జాగా ఉంది. సూరా సబాలో దావూద్ అలైహిస్సలామ్ ప్రస్తావన గుర్తు చేసుకోండి. ఇనుమును ఆయన చేతికి మెత్తగా చేయడమే కాదు, కవచం కడియాలను సరైన కొలతతో అల్లమని కూడా హుకుం ఉంది. పైగంబర్ చేసిన పని ఇనప పని. ఆ పనికి షరతు కొలత. గ్రీజు పూసుకున్న చేతుల్ని చిన్నచూపు చూసేవాళ్లకి ఇది ఒక్కటి చాలు.

అల్ జజరీ, తఖీయుద్దీన్: ఉస్తాద్‌లు ఉన్నారు, మదర్సా లేదు

వాట్సాప్‌లో మనకి తరచుగా వచ్చే పేరు అల్ జజరీ. ఏనుగు గడియారం బొమ్మ కూడా వస్తుంది. ఫఖర్‌గా ఫార్వర్డ్ చేస్తాం. ఆయన అసలు చేసిందేమిటో మాత్రం తక్కువమంది చదువుతారు.

జజరీ ఇప్పటి తుర్కియేలోని దియార్‌బకిర్‌లో ఉర్తుఖీ పాలకుల దగ్గర పనిచేశాడు. యంత్రాల మీద ఆయన కితాబ్ 1206లో పూర్తయింది. అందులో యాభై యంత్రాలున్నాయి. గడియారాలు, వుజూ నీళ్లు పోసే పాత్రలు, ఫౌంటెన్లు, నీళ్లు తోడే మెషిన్లు. నీళ్లు తోడే ఒక పంపు ఎలా ఉందో చూడండి. ఎదురెదురుగా రెండు సిలిండర్లు. నీటిచక్రం తిరిగితే ఒక పిస్టన్ నీళ్లు పీలుస్తుంది, అదే సమయానికి రెండోది పైకి తోస్తుంది. పీల్చుడు గొట్టాలున్నాయి, వాల్వులున్నాయి. బోరు మోటారు విప్పిన ఏ మిస్త్రీకైనా ఈ బొమ్మ చూపించండి, ఒక్క నిమిషంలో అర్థం చేసుకుంటాడు.

జజరీ గొప్పతనం ఏమిటంటే, ఆయన రాసింది తన చేతులతో చేసి చూసింది. ఏ ముక్క ఏ లోహంతో పోయాలి, ఎంత మందం ఉండాలి, ఏ వరసలో అతకాలి అన్నీ చెప్పాడు. మూసిన అచ్చుపెట్టెల్లో ఇసక పోసి లోహం పోత పోయడం కూడా వర్ణించాడు. హునర్, ఇల్మ్ ఒక మనిషిలో కలిస్తే ఎలా ఉంటుందో ఆ కితాబ్ చూపిస్తుంది.

అలాంటివాడే తఖీయుద్దీన్. దమిష్క్‌లో పుట్టి ఇస్తాంబుల్ చేరినవాడు. 1551 నాటి తన కితాబ్‌లో మాంసం కాల్చే సీకు దానంతటదే తిరిగే ఏర్పాటు రాశాడు. నీళ్లు మరిగించి, ఆవిరిని సన్న గొట్టంలోంచి రెక్కల మీదికి వదిలితే చక్రం తిరుగుతుంది, సీకు తిరుగుతుంది. ఆవిరి రెక్కల్ని తోస్తే చక్రం తిరగడం, టర్బైన్ పని చేసే పద్ధతి ఇదే. ఈ సీకుని గుర్తుంచుకోండి, అణు రియాక్టర్ దగ్గర మళ్లీ కలుస్తుంది.

మరి ఇంత తెలిసినవాళ్లుండి ఏమైంది? జజరీ బాద్‌షా కొలువులో పనిచేసిన ఉస్తాద్. ఆయన తర్వాత ఆ కితాబ్ నకళ్లు తిరిగాయి, అందమైన బొమ్మలతో కుతుబ్‌ఖానాలలో చేరాయి. దాన్ని పాఠంగా చెప్పి ఏటా యాభైమంది షాగిర్ద్‌లని తయారుచేసే చోటు మాత్రం లేదు. తఖీయుద్దీన్ 1577లో ఇస్తాంబుల్‌లో వేధశాల కట్టించాడు. మూడేళ్లకే, 1580లో, సుల్తాన్ హుకుంతో దాన్ని కూల్చేశారు. ఉస్తాద్ పోతే ఇల్మ్ పోయే ఏర్పాటు అది.

ఉస్మానీ తుర్కులు ఈ లోటుని ఆలస్యంగా గుర్తించారు. రష్యాతో యుద్ధంలో 1770లో చెష్మే దగ్గర వాళ్ల నౌకాదళం కాలిపోయింది. ఆ తర్వాత 1773లో ఇస్తాంబుల్‌లో నౌకా ఇంజనీరింగ్ స్కూలు పెట్టారు. దాని పేరులోనే ముహందిస్‌ఖానా ఉంది. ఇప్పటి ఇస్తాంబుల్ టెక్నికల్ యూనివర్సిటీ తన పుట్టుకను అక్కడినుంచే లెక్కపెట్టుకుంటుంది. ఒక మనిషి దగ్గర ఉండే విద్యని ఒక సంస్థ దగ్గర పెట్టడమంటే ఇదే.

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ ఉర్దూలో

ఇక మన గడ్డకి వద్దాం. 19వ శతాబ్దం తొలి సగంలో హైదరాబాద్‌లో నవాబ్ ఫఖ్రుద్దీన్ ఖాన్ ఉండేవాడు. షమ్సుల్ ఉమరా బిరుదుతో తెలిసిన పాయెగా అమీర్. ఆయన ఇంగ్లీషు సైన్స్ కితాబ్‌లని ఉర్దూలోకి తర్జుమా చేయించి, సొంత ప్రెస్‌లో అచ్చు వేయించాడు. వాటిలో సిత్తయె షమ్సియా పేరుతో వచ్చిన ఆరు పుస్తకాలు పేరుపొందాయి. ఆరింటిలో ఒకటి జర్రె సఖీల్ గురించి. జర్ర్ అంటే లాగడం, సఖీల్ అంటే బరువైనది. బరువుల్ని లాగే విద్య. మెకానిక్స్‌కి అప్పటి ఉర్దూ పేరు అది. గడారా, కప్పీ, వాలుబల్ల, మర, ఇవే పాఠాలు. ఇప్పటి బీటెక్ మొదటి ఏడు మెకానిక్స్ పునాది కూడా ఇదే.

ఆ తర్వాత పెద్ద అడుగు ఉస్మానియా యూనివర్సిటీ. 1917లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మాన్ వచ్చింది. 1918లో యూనివర్సిటీ ఏర్పడింది. పై చదువులు మొత్తం ఒక హిందుస్తానీ భాషలో చెప్పాలని నిర్ణయించిన మొదటి ఆధునిక యూనివర్సిటీ అది. కితాబ్‌లు లేకుండా క్లాసు ఎలా నడుస్తుంది? అందుకే ముందుగా దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని నాజిమ్. గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ, వైద్యం, కానూన్ కితాబ్‌లు వందల్లో ఉర్దూలోకి వచ్చాయి. ఇంగ్లీషు సైన్స్ మాటకి ఉర్దూ మాట ఏది పెట్టాలన్నదాని మీద ఆలిములు, ప్రొఫెసర్లు కూర్చుని బహస్ చేసేవాళ్లు. ఒకరు అరబీ వేరు నుంచి కట్టాలంటారు, ఇంకొకరు జనం నోట ఉన్న మాట తీసుకోవాలంటారు. వహీదుద్దీన్ సలీమ్ అనే ప్రొఫెసర్ అయితే సాంకేతిక మాటలు ఎలా తయారుచేయాలన్నదాని మీదే ఒక పూర్తి కితాబ్ రాశాడు. 1929లో ఉస్మానియాలో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. జర్రె సఖీల్ అమీర్ గారి ప్రెస్ దాటి యూనివర్సిటీ డిగ్రీ దాకా చేరింది.

సొంత జబాన్‌లో చదివితే దునియాలో వెనకపడతారని అప్పుడూ అనేవాళ్లు, ఇప్పుడూ అంటారు. దానికి జవాబు రజియుద్దీన్ సిద్దీఖీ. 1908లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియాలో ఉర్దూ మీడియంలో గణితం చదివాడు. అక్కణ్నుంచి కేంబ్రిడ్జ్ వెళ్లాడు. తర్వాత జర్మనీలోని లైప్‌జిగ్‌లో వెర్నర్ హైజెన్‌బర్గ్ దగ్గర పీహెచ్‌డీ చేశాడు. క్వాంటం మెకానిక్స్‌కి పునాది వేసినవాళ్లలో ఒకరు హైజెన్‌బర్గ్. అంటే పరమాణువు లోపలి లెక్క కొత్తగా తయారవుతున్న చోటే మన హైదరాబాదీ షాగిర్ద్ కూర్చున్నాడు. తిరిగొచ్చి ఉస్మానియాలోనే పాఠాలు చెప్పాడు. ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం గురించి ఉర్దూలో కితాబ్ రాశాడు. ఆయన్ని ఆపింది జబాన్ కాదు, ఆయన్ని నిలబెట్టింది గణితం. తెలుగు మీడియంలోనో ఉర్దూ మీడియంలోనో చదువుతున్న మన పిల్లలు ఈ మాట గట్టిగా పట్టుకోవాలి.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. నిజాం రాజ్యం పోయింది. యూనివర్సిటీ ఇంగ్లీషు మీడియంకి మారింది. మూడు దశాబ్దాలు కష్టపడి కట్టిన సైన్స్ మాటలు అల్మారాల్లోకి వెళ్లిపోయాయి. 1950లో రజియుద్దీన్ పాకిస్తాన్ వెళ్లి, అక్కడ యూనివర్సిటీలు నడిపాడు. వెళ్లిపోయినవాళ్లు సరే, ఉండిపోయినవాళ్ల ఇళ్లలో నౌకరీ పోయింది, జబాన్ విలువ పోయింది. చాలా కుటుంబాలు పిల్లల్ని తొందరగా పనిలో పెట్టుకున్నాయి. హునర్ అన్నం పెట్టింది, కితాబ్ దూరమైంది. ఆటోనగర్‌లో ఈరోజు మనం చూసే దృశ్యం వెనక ఈ తారీఖ్ కూడా కొంత ఉంది.

అణువు దగ్గర ఇంజనీర్‌కేం పని?

రజియుద్దీన్ లైప్‌జిగ్‌లో చదివిన తర్వాత పదేళ్లు కూడా కాకముందే సంగతి పుస్తకాల్లోంచి బయటికొచ్చింది. 1938 చివర్లో బెర్లిన్‌లో ఓట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియంని న్యూట్రాన్లతో కొట్టి చూశారు. లీజె మైట్నర్, ఓట్టో ఫ్రిష్ దాని భావం విప్పి చెప్పారు. పరమాణు కేంద్రకం రెండుగా చీలుతోంది. 1942 డిసెంబర్ 2న చికాగోలో ఎన్రికో ఫెర్మీ బృందం మొదటి రియాక్టర్‌ని నడిపింది. దాని శక్తి అర వాట్. ఒక చిన్న బల్బు వెలిగించడానికి కూడా చాలదు. చల్లబరిచే అవసరమే లేదు. అక్కడిదాకా అది ఫిజిక్స్ ఘనత.

హాన్‌ఫర్డ్‌లో కట్టిన పెద్ద రియాక్టర్ సంగతి వేరు. దాని వేడి 25 కోట్ల వాట్లు. ఆ వేడిని నిమిషం ఆగకుండా బయటికి తీయాలి. కొలంబియా నది నీళ్లని వేల గొట్టాల్లోంచి పరిగెత్తించాలి. పంపులు, వాల్వులు, గొట్టాలు, తుప్పు, వేడికి సాగడం, ఇవన్నీ మెకానికల్ ఇంజనీర్ల పని. ఆ పని డ్యూపాంట్ కంపెనీ ఇంజనీర్లకి ఇచ్చారు. ఫిజిక్స్ లెక్క ప్రకారం 1,500 గొట్టాలు చాలు. ఇంజనీర్లు ఒప్పుకోలేదు. తెలియని ఇబ్బంది ఏదైనా రావచ్చు, అందాజా కొంచెం ఎక్కువే ఉండాలని పట్టుబట్టి 2,004 గొట్టాలకి జాగా చేశారు. 1944 సెప్టెంబర్‌లో రియాక్టర్ నడిపితే కొన్ని గంటలకే అది దానంతటదే ఆగిపోయింది. చీలికలో పుట్టే జెనాన్ అనే వాయువు న్యూట్రాన్లని మింగేస్తోందని తేలింది. అదనంగా పెట్టిన గొట్టాల్లో కూడా యురేనియం నింపాక రియాక్టర్ నిలబడింది. ముహందిస్ అందాజా అంటే ఇదీ.

ఈ కథలో ఫఖర్ పడాల్సింది ఆ కొలత వరకే. ఆ రియాక్టర్ పుట్టింది కరెంటు కోసం కాదు, ప్లుటోనియం కోసం. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద పడిన బాంబులో ఉన్నది హాన్‌ఫర్డ్ ప్లుటోనియమే. అల్లాహ్‌ని నఫా ఇచ్చే ఇల్మ్ అడగమని, నఫా లేని ఇల్మ్ నుంచి పనాహ్ కోరమని మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ మనకి నేర్పారు. ఆ దువా ఈ చదువు చదివేవాళ్లకి అందరికన్నా ఎక్కువ అవసరం.

యుద్ధం తర్వాత ఈ ఇల్మ్ యూనివర్సిటీలోకి వచ్చింది. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ కాలేజీ 1950లో న్యూక్లియర్ ఇంజనీరింగ్ కోర్సు మొదలుపెట్టింది. 1953లో తన క్యాంపస్‌లోనే చిన్న రియాక్టర్ నడిపింది. దానికి ముందు రియాక్టర్లన్నీ సర్కారు గోడల వెనక ఉండేవి. షాగిర్ద్‌లు చేతులు పెట్టి నేర్చుకునే రియాక్టర్ యూనివర్సిటీలోకి రావడంతో హునర్, ఇల్మ్ మళ్లీ ఒకే కప్పు కింద కలిశాయి.

మన దేశంలో హోమీ భాభా అదే దారి పట్టాడు. 1956 ఆగస్టులో ట్రాంబేలో అప్సర రియాక్టర్ నడిచింది. మరుసటి ఏడాది, 1957లో, ట్రైనింగ్ స్కూలు మొదలైంది. మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ ఇంజనీర్లనీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివినవాళ్లనీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి తీసుకుని ఏడాదిపాటు చదివించి పనిలో పెట్టుకోవడం దాని పద్ధతి. న్యూక్లియర్ డిగ్రీతో రానక్కర్లేదు. మెకానికల్ గట్టిగా చదివి రా, మిగతాది ఇక్కడ నేర్పుతాం అన్న లెక్క. నేటికీ ఇదే పెద్ద దర్వాజా. ఐఐటీ కాన్పూర్ లాంటి చోట్ల పై చదువుగా న్యూక్లియర్ ఇంజనీరింగ్ కూడా ఉంది.

మౌలాలి గుట్ట పక్కన జర్‌గూన్

ఈ తారీఖ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క మన హైదరాబాద్‌లోనే ఉంది. మౌలాలి గుట్ట మనందరికీ తెలుసు. హజ్రత్ అలీ పేరు మీద కుతుబ్‌షాహీల కాలం నుంచి జనం ఎక్కుతున్న గుట్ట. దానికి దగ్గర్లోనే 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ మొదలైంది. దేశంలోని అణు విద్యుత్ రియాక్టర్లలో చాలావాటికి ఇంధనం తయారయ్యేది ఇక్కడే. యురేనియం పొడిని చిన్న బిళ్లలుగా నొక్కి, కాల్చి, జిర్కోనియం లోహంతో చేసిన గొట్టాల్లో పేరుస్తారు. 19 గొట్టాల్ని కలిపి ఒక కట్టగా కడతారు. కట్ట పొడవు సుమారు అర మీటరు. గొట్టం మందం అర మిల్లీమీటరు కన్నా తక్కువ. 220 మెగావాట్ల రియాక్టర్ ఒక్కదాంట్లో 306 చానళ్లు, ఒక్కో చానల్లో 12 కట్టలు, మొత్తం 3,672 కట్టలు ఉంటాయి. ఒక్క గొట్టానికి సన్న పగులు వచ్చినా రేడియోధార్మిక పదార్థం నీళ్లలోకి దిగుతుంది.

జిర్కోనియమే ఎందుకు? అది న్యూట్రాన్లని దాదాపు మింగదు. వేడి నీళ్లలో సులువుగా తుప్పు పట్టదు. ఐతే ప్రకృతిలో దాంతోపాటు హాఫ్నియం అనే కవల లోహం ఉంటుంది. అది న్యూట్రాన్లని విపరీతంగా మింగుతుంది. రెండిటినీ విడదీయడమే పెద్ద పని. ఆ తర్వాత లోహాన్ని గొట్టంగా సాగదీయడం. మరలో గొట్టం కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి, మళ్లీ ముందుకి జరుగుతూ సన్నబడుతుంది. ఆ పద్ధతిని పిల్గరింగ్ అంటారు. జర్మన్‌లో పిల్గర్ అంటే యాత్రికుడు, జియారత్‌కి వెళ్లేవాడు. లేత్ మీద చెయ్యి తిరిగిన మనిషికి ఈ పని చూడగానే మనసు లాగుతుంది.

ఇప్పుడు ఆ పేరు వినండి. జిర్కోనియం పేరు జిర్కాన్ అనే రాయి నుంచి వచ్చింది. ఆ రాయి పేరు అరబీ జర్ఖూన్ మీదుగా ఫార్సీ జర్‌గూన్ దాకా వెళుతుంది. జర్ అంటే బంగారం, గూన్ అంటే రంగు. బంగారు రంగుది. జర్‌దోజీలో ఉన్న జర్ ఇదే. క్లాప్రోత్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త 1789లో ఒకే ఏడాది యురేనియంనీ, జిర్కోనియంనీ గుర్తించాడు. ఒకే ఏడు పేరు పెట్టించుకున్న ఆ రెండు లోహాలూ ఇప్పుడు మౌలాలి దగ్గర ఒకే గొట్టంలో కలుస్తున్నాయి.

ఉర్దూలో పరమాణువుని జౌహర్ అంటారు. అణుశక్తి జౌహరీ తవానాయీ. దాని బహువచనం జవాహిర్, అంటే రత్నాలు. పాత కలామ్ ఆలిములు కూడా ఇక చీలని ముక్కని జౌహర్ అన్నారు. ఇది చూసి "మనవాళ్లకి ఆటమ్ అప్పుడే తెలుసు" అని ఫార్వర్డ్ చేయకండి. వాళ్లది అఖీదా బహస్, యురేనియం లెక్క కాదు. పేరు విరాసత్‌గా వస్తుంది. ఇల్మ్ మాత్రం ఎవరికివాళ్లు మెహనత్ చేసి సంపాదించుకోవాల్సిందే.

అమానత్

ఇంత చెప్పాక ఖతరా గురించి చెప్పకపోతే నాఇన్సాఫీ అవుతుంది. అణు కేంద్రంలో చివరికి జరిగేది తఖీయుద్దీన్ సీకు పనే. నీళ్లు మరిగి, ఆవిరి రెక్కల్ని తోసి, చక్రం తిరుగుతుంది. తేడా పొయ్యిలో ఉంది. కట్టెల పొయ్యి ఆర్పితే ఆరుతుంది. రియాక్టర్‌ని ఆపినా ఆ క్షణంలో సుమారు 6, 7 శాతం వేడి పుడుతూనే ఉంటుంది. తర్వాత అది మెల్లగా తగ్గుతుంది. అంతదాకా చల్లబరచడం ఆగకూడదు.

1979 మార్చిలో అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్‌లో ఒక వాల్వు మూసుకోకుండా ఉండిపోయింది. మూసుకుందనుకున్నారు. నీళ్లు తగ్గాయి, ఇంధనం కరిగింది. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో సునామీ నీళ్లు డీజిల్ జనరేటర్లని ముంచేశాయి. పంపులు ఆగాయి. మన జర్‌గూన్ లోహమే విపరీతమైన వేడిలో ఆవిరితో కలిసి హైడ్రోజన్ పుట్టించింది, కప్పులు పేలిపోయాయి. రెండుచోట్లా చెడిపోయింది వాల్వు, పంపు, కొలత. అంటే మెకానికల్ పని. అందుకే థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ పాఠాలు గట్టెక్కడానికి చదివే పేపర్లు కావు. అవి జనం ప్రాణాల అమానత్.

మన తెలుగు నేల మీద కూడా ఈ సవాల్ ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. శుద్ధి చేశాక మిగిలే వ్యర్థాల చెరువు వల్ల నీళ్లు పాడవుతున్నాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. నల్లమలలో యురేనియం వెతుకులాట మాట వచ్చినప్పుడు 2019లో జనం గట్టిగా అడ్డుపడ్డారు. ఈ చదువు రియాక్టర్ నడిపేవాళ్లకి మాత్రమే అనుకోవద్దు. బోరు నీళ్లలో ఏముందో కొలిచి, సర్కారు కాగితం చదివి, రైతు పక్కన నిలబడి సవాల్ చేసేవాడికి కూడా కావాలి. కొలత తెలియనివాడి ఫిర్యాదుని ఎవరైనా తోసేస్తారు.

ఇంటికి ఒక మాట

అబ్దుల్ కలామ్ గారి కథ అందరూ చెబుతారు. అందులో రెండు సంగతులు మాత్రం తొందరగా దాటేస్తారు. ఆయన అబ్బా రామేశ్వరంలో తన చేతులతో చెక్క పడవ కట్టారు. అంటే ఆ ఇంట్లో ముందు హునర్ ఉంది. మద్రాస్‌లో ఇంజనీరింగ్ సీటు వచ్చినప్పుడు ఫీజుకి డబ్బు లేకపోతే ఆపా జొహరా తన బంగారు గాజులు తాకట్టు పెట్టింది. హునర్ ఉన్న ఇంటి నుంచి కితాబ్ దాకా వంతెన వేసింది ఒక ఆపా గాజులు. బేటీ జహేజ్ కోసం బంగారం కూడబెట్టే మన ఇళ్లలో, అదే బంగారం బేటీ ఇంజనీరింగ్ ఫీజుకి ఎందుకు కాకూడదు?

కంప్యూటర్స్ చదవొద్దని నేననను. పిల్లవాడికి ఇష్టముంటే చదవనివ్వండి. షెడ్డులో పాత ఇంజన్ ముందు కూర్చుని లేవని పిల్లవాడిని, మిక్సీ విప్పి మళ్లీ బిగించే పిల్లని మాత్రం "ఇది మనకొద్దు" అని లాగేయకండి. ఎనిమిదో క్లాసు నుంచి గణితం గట్టిగా చెప్పించండి. డ్రాయింగ్ నేర్పించండి. పాలిటెక్నిక్ నుంచి కూడా బీటెక్‌లోకి దారి ఉంది. బీటెక్ మెకానికల్ నుంచి ట్రాంబేకి దారి ఉంది, మౌలాలికి దారి ఉంది.

ఇక అబ్బాలకి. మీ చేతికున్న గ్రీజు సిగ్గుపడాల్సిన మరక కాదు. మీకు ఇన్నేళ్లుగా తెలిసిన అందాజా ఉంది. దాన్ని లెక్కగా రాసుకునే విద్య మీకు దొరకలేదు, మీ పిల్లలకి దొరుకుతుంది. షెడ్డులో వాడికి సీతారా బిగించడం నేర్పినట్టే, సాయంత్రం వాడి కితాబ్‌లోని పంపు బొమ్మ ముందు మీరూ కూర్చోండి. వాడు సమీకరణం చెబుతాడు, మీరు వాల్వు ఎక్కడ అరుగుతుందో చెబుతారు. ముహందిస్ తయారయ్యేది అలాగే.